మత్స్యకన్య ఘటం ఎత్తిన పండగ

చిన్నాన్న పోయాక పిన్ని మా ఇంటికి రావడం అదే మొదలు. రావికమతంలో కూతురి దగ్గర ఉంటోంది. షేర్ ఆటోలో చోడవరం దాకా వచ్చి, బస్టాండు దగ్గర దిగిపోయి, ఎండలో నడుచుకుంటూ వచ్చింది. ఆటో మా వీధి మొదటి దాకా వస్తుంది కదా పిన్నీ అన్నాను. "ఆడేటో గొణుగుతన్నాడమ్మా. గొడవెందుకని దిగిపోనాను" అంది. నాకు వెంటనే ఆ ఆటోవాడి మీద అనుమానం వచ్చింది. పెద్దావిడ, అడిగేవాళ్ళు లేరని కావాలనే దింపేసి ఉంటాడు. అనుమానం మా వంశంలో ఉంది. నాకు మా మామ్మ నుంచి, అంటే నాన్న తల్లి నుంచి వచ్చింది. దాన్ని దాచుకోవలసిన అవసరం కూడా నాకు కనిపించదు. మంచినీళ్ళిచ్చి ఫ్యాన్ కింద కుర్చీలో కూర్చోబెట్టాను. కూర్చోగానే పిన్ని కుచ్చిళ్ళు కిందికి లాగి పాదాలు కప్పుకుంది. నాకు గుర్తున్నప్పటి నుంచీ ఆవిడ అంతే.

అదే గదిలో మా మనవరాలు హాసిని సోఫాకు అడ్డంగా పడుకుని ఫోన్లో సినిమా చూస్తోంది. గాజువాక నుంచి వేసవి సెలవులకు వచ్చింది. వంగి చూద్దును కదా, అందులో ఒక మత్స్యకన్య. నీళ్ళలోంచి తల పైకెత్తి, ఒడ్డున నిలబడ్డ కుర్రాణ్ణి చూసి కళ్ళు ఆర్పుతోంది. సముద్రం అడుగునుంచి వచ్చిన పిల్ల జుట్టు అప్పుడే సాంబ్రాణి వేసి ఆరబెట్టినట్టుంది. ఈ సినిమాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఆ పిల్ల తోక వదిలేసి కాళ్ళు తెచ్చుకుని వాడి ఇంటికి వస్తుందే గానీ, వాడు కాళ్ళు వదిలేసి తోక తెచ్చుకోవడం ఏ డైరెక్టరూ ఎందుకు తియ్యడు? వాడి ఇంట్లో ఆ పిల్లకి ఏం వండి పెడుతున్నారు? చేపల పులుసు వండిన రోజు ఆ పిల్ల ముఖం ఎలా ఉంది? అలాంటివి ఎక్కడా చూపించరు. పైగా ముందురోజు నేను ఏదో మాటల్లో మత్స్యకన్య అన్నాను, మర్నాటికి ఆ ఫోను వరసగా అవే సినిమాలు ముందు పెడుతోంది. ఎవరు వింటున్నారో, ఎందుకు వింటున్నారో.

"ఏటే గుంటా అదీ? సేపా?" అని పిన్ని కళ్ళు చికిలించి అడిగింది. "చేప కాదు, మెర్మెయిడ్. అబ్బాయి కోసం కాళ్ళు తెచ్చుకుంటుంది" అంది హాసిని తల ఎత్తకుండానే. పిన్ని కాసేపు ఆ బొమ్మనే చూసింది. "కాళ్ళొత్తే కట్టాలూ వొత్తాయే" అని నవ్వింది. హాసినికి అందులో ఏం వినిపించిందో తెలియదు. నాకు మాత్రం మా పాత ఇల్లు, ఆ ఇంట్లో మామ్మ, మామ్మ ముందు నిలబడ్డ ఇరవై ఏళ్ళ పిన్ని కళ్ళ ముందుకు వచ్చేశారు.

మా మామ్మ పొద్దున్న అనుమానంతోనే నిద్ర లేచేది. పాలు పోయించుకునే ముందు ఒక చుక్క బొటనవేలి గోరు మీద వేసుకుని, గోరు వాల్చి, అది జారుతుందా నిలుస్తుందా అని చూసేది. జారితే పాలవాడికి ఆ రోజు గడ్డుకాలం. చేపలమ్మి గంప దింపితే మొప్పలు ఎత్తి చూడనిదే మాట మాట్లాడేది కాదు. మా కళ్ళంలో బెల్లం వండే రోజుల్లో ఇల్లంతా కాగే చెరుకురసం వాసన, పొయ్యిలో మండే పిప్పి వాసన కలిసి నిండిపోయేవి. మాకు ఆ వాసనకే కడుపు నిండేది. మామ్మ మాత్రం దిమ్మ కొన గిల్లి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, వండినవాడు ఎక్కడ నిద్రపోయాడో చెప్పేది. నూతి చేంతాడు తడిమి, తనకంటే ముందు ఎవరు నీళ్ళు తోడారో కనిపెట్టేది. చోడి అంబలి గిన్నె మీద మూత కాస్త పక్కకు జరిగి ఉంటే మా అందరినీ వరసగా నిలబెట్టి నోళ్ళు తెరిపించేది. ఇంత చూసిన మనిషి ఒక్క చిన్న కొడుకును మాత్రం ఏమీ అనేది కాదు. చిన్నాన్న కూడా అనుమానం తెలియనివాడిలా ఉండేవాడు. ఇచ్చిన గ్లాసులో ఏముందో చూడకుండా తాగేసేవాడు. అలాంటి మగవాణ్ణి పెళ్ళి చేసుకోవాలని నేను అయిదో తరగతిలోనే అనుకున్నాను.

ఆ చిన్నాన్నకు అచ్యుతాపురం అవతల, సముద్రపొడ్డు ఊరి పిల్లను చేశారు. పేరు నూకరత్నం. వాళ్ళూ మాలాగే వ్యవసాయం వాళ్ళే గానీ, మా చెరుకు ఊళ్ళకు సముద్రమంటే ఒక రకమైన భయం. అక్కడి వాళ్ళ మాట, కూర, నడక అన్నీ వేరేగా ఉంటాయని మా వాళ్ళ నమ్మకం. పిన్ని కూడా మామ్మ అనుమానానికి రోజుకో మేత వేసింది. అందరికంటే ముందు లేచి నూతి దగ్గర తడిక వెనకాల చాలాసేపు స్నానం చేసేది. చేంతాడు తడి మామ్మ చేతికి దొరికిపోయేది. స్నానం కాగానే ఒంటికి నూనె రాసుకునేది. ఎండలో పనిచేస్తే ముఖం కందిపోయేది గానీ చెమట పట్టేది కాదు. మధ్యాహ్నం పూట ఎవరూ చూడకుండా మోకాళ్ళ దాకా నీళ్ళు పోసుకునేది. చెరువు చేప వండితే బురద వాసనని ముట్టుకునేది కాదు. "సొంతోళ్ళని ఎవులు తింతారు?" అని మామ్మ గొణుక్కునేది. అన్నిటినీ మించింది పసుపు. మా ఇంట్లో శుక్రవారం పూట కోడళ్ళ పాదాలకు అత్తగారే కూర్చుని పసుపు రాసేది. మా అమ్మ పాదాలు చాపి కూర్చునేది. పిన్ని మాత్రం "నాను రాసుకుంతానత్తా" అని గిన్నె పట్టుకుని, అందులో నూనె కలుపుకుని, తడిక వెనక్కి వెళ్ళిపోయేది. పెళ్ళిలో కూడా పారాణి పాదాల అంచులకే పెట్టించుకుందని మామ్మకు అప్పుడు గుర్తొచ్చింది.

ఇంతలో మా ఊరి హాలుకు మత్స్యకన్య సినిమా వచ్చింది. పేరు చెప్పినా ఇప్పుడెవరికీ గుర్తుండదు. కొత్త పెళ్ళికొడుకు పెళ్ళాన్ని ఒక్కదాన్నే సినిమాకు తీసుకెళ్ళే ఆచారం మా ఇంట్లో లేదు, కాబట్టి చిన్నాన్న అందరినీ మ్యాట్నీకి తీసుకెళ్ళాడు. ఆడవాళ్ళం ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు. కథ ఏముంది, జమీందారు కొడుకు పడవలోంచి పడిపోతాడు, మత్స్యకన్య కాపాడుతుంది, కాళ్ళు తెచ్చుకుని అతని ఇంటికి వస్తుంది. పాదాల మీద నీళ్ళు పడితే మాత్రం తోక వచ్చేస్తుంది. పెళ్ళి పందిట్లో దుర్మార్గుడు ఒకడు కావాలని కలశం దొర్లిస్తాడు. నిండు సభలో పట్టుచీర కింద నుంచి తోక బయటపడుతుంది. అందరూ కేకలు వేస్తారు. ఆ పిల్ల పాక్కుంటూ సముద్రంలోకి వెళ్ళిపోతే, ఆమె కోసం కుర్రాడు కూడా దూకేస్తాడు. హాల్లో ఆడవాళ్ళందరూ ముక్కులు చీదారు. నేనూ ఏడ్చాను. పక్కకి తిరిగి చూస్తే మామ్మ తెర వైపు చూడటం లేదు. పిన్నిని చూస్తోంది.

ఆ సాయంత్రం వంటింట్లో మామ్మ మా అమ్మను నిలదీసింది. "ఒసే, నీ తోటికోడలు సిలిమాలో ఎందుకేడిసిందే?"

"అందరూ ఏడిసేరు కదత్తా."

"అందరూ ఆ గుంటడు దూకినప్పుడేడిసేరు. ఇది తోక బయటపడ్డప్పుడేడిసింది. కాళ్ళు పైకెత్తేసి కుర్సీ మీద ముడుసుకుని మరీ ఏడిసింది."

"బాగుంది నీ సోద్యం. సముద్రం పక్కన పుట్టినోళ్ళందరూ సేపలేటి?"

"సేపని నేనన్నానా? ఏటో దాత్తంది. అదేటో తేల్సేత్తాను. తేడా వొచ్చిందో, మర్నాడే బండి కట్టించి పుట్టింటికి పంపీడమే" అంది మామ్మ. నీళ్ళ బిందెతో గుమ్మంలో నిలబడి పిన్ని ఆ మాట విన్నది. నేను ఆవిడ పక్కనే ఉన్నాను. బిందెలో నీళ్ళు తొణికి నా మీద పడ్డాయి. పంపెయ్యడమంటే ఏమిటో ఆవిడకు మాకంటే బాగా తెలుసు. వాళ్ళక్కకూ పుట్టుకతో అవే కాళ్ళట. మోకాళ్ళ కింద చర్మం పొడిబారి, చలికాలంలో పొలుసుల్లా లేచిపోయేదట. పెళ్ళయిన కొత్తలోనే అత్తవారు చూసి తిప్పి పంపేశారు. ఆ అక్క పుట్టింటి వెనక గదిలోనే ఉండిపోయింది, శుభకార్యానికి ఎవరూ పిలిచేవారు కాదు. పిన్ని వాళ్ళమ్మ రెండో కూతుర్ని సాగనంపుతూ చెప్పిందల్లా కాళ్ళు కప్పుకోమనే. ఇవన్నీ నాకు పెద్దయ్యాక తెలిశాయి. ఆ రోజు మాత్రం పిన్ని భయపడుతోందని, మామ్మ ఏదో చెయ్యబోతోందని, అంతే తెలుసు.

మామ్మ చేసిన పని చూస్తే సినిమా దుర్మార్గుడు కూడా వచ్చి పాఠం నేర్చుకోవాలి. ఎండలు ముదిరే రోజుల్లో మా వీధిలో అమ్మవారి పండగ. ఇంటికొక ఆడమనిషి పసుపు రాసి వేపమండలు కట్టిన ఘటం నెత్తిన పెట్టుకుని, డప్పుల వెనక వీధంతా తిరుగుతుంది. ప్రతి గుమ్మం ముందూ ఆ ఇంటి ఆడవాళ్ళు చెంబుతో పసుపునీళ్ళు తెచ్చి, ఘటం ఎత్తినామె కాళ్ళు కడుగుతారు. కాళ్ళు కప్పుకోవడం ఉండదు. కుచ్చిళ్ళు ఎత్తి దోపుకోవాలి. రెండు చేతులూ ఘటం మీదే ఉండాలి. మా ఇంటి ఘటం ఏటా మా అమ్మే ఎత్తేది. ఆ ఏడు మామ్మ పదిమందిలో ప్రకటించేసింది, కొత్త కోడలు ఎత్తుతుందని. వీధి మొత్తం మామ్మ మంచితనానికి ముచ్చటపడింది. మా అమ్మ మనసు కష్టపెట్టుకుంది. ఘటం ఎత్తనని ఏ కోడలూ అనడానికి వీల్లేదు. అంటే అమ్మవారిని కాదన్నట్టే. పిన్ని తల ఊపి వెళ్ళి తడిక వెనక కూర్చుంది. పండగ ముందు రాత్రి చిన్నాన్న చెరుకు బండితో గోవాడ పంచదార ఫ్యాక్టరీకి వెళ్ళాడని, క్రషింగ్ చివరి రోజులు కాబట్టి బళ్ళ వరసలో ఇరుక్కుపోయి పండగకు రాలేకపోయాడని మా ఇంట్లో ఎప్పుడూ చెప్పుకునే మాట.

పొద్దున్నే ఘటాలు లేచాయి. నేను చెంబు పట్టుకుని పిన్ని పక్కనే నడిచాను. మొదటి గుమ్మంలో నీళ్ళు పోశారు. నేను గుడ్లప్పగించి చూశాను, తోక వస్తుందేమోనని. తోక రాలేదు సరికదా, తడిసిన ఆ కాళ్ళు నున్నగా, అందరి కాళ్ళలాగే ఉన్నాయి. పొద్దున్న పట్టించిన నూనె, పైన నీళ్ళు, చర్మం అణిగిపోయింది. వెనకాల వస్తున్న మామ్మ ముఖం చిన్నబోయింది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. కానీ ఒక్కో గుమ్మం దగ్గరా నీళ్ళు పడి నూనె కడుక్కుపోయింది. మధ్యమధ్య ఎండకు కాళ్ళు ఆరాయి. ఆరినప్పుడల్లా పసుపు ఆ చర్మం గీతల్లో దిగి ఉండిపోయింది. వీధి మలుపు తిరిగేసరికి పిన్ని కాళ్ళ మీద మోకాళ్ళ నుంచి మడమల దాకా పసుపుపచ్చటి పొలుసులు, ఒక్కొక్కటీ విడివిడిగా, వల పరిచినట్టు కనిపించాయి. సినిమాలో తోక కూడా అంత స్పష్టంగా లేదు. పిన్నికి తెలుసు. కిందికి చూడకుండా, పెదవులు బిగించి నడుస్తోంది. కళ్ళ నీళ్ళు చెంపల మీద కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

మొదట చూసింది మలుపింటి పైడమ్మ. చెంబు ఎత్తి పొయ్యబోయి ఆగిపోయింది. డప్పులు కూడా ఆగాయి. ఇక అయిపోయిందనుకున్నాను. పైడమ్మ చెంబు కింద పడేసి, మట్టిలో సాగిలపడి, "తల్లీ, కాళ్ళ మీద కనబడ్డావా తల్లీ!" అని గట్టిగా అరిచింది. అమ్మోరు కాళ్ళలోకి దిగిందని ఒకరు, ఆ కన్నీళ్ళు కూడా అమ్మోరివేనని ఒకరు. క్షణంలో వీధి ఆడవాళ్ళందరూ ఆ పాదాల మీద పడ్డారు. చంటిపిల్లల నుదుళ్ళు ఆ పొలుసులకు ఆనించారు. డప్పులు ఇంకాస్త జోరుగా మోగాయి. మామ్మకు కూడా వంగక తప్పలేదు. వంగింది, రెండు చేతులతో పాదాలు పట్టుకుంది. పక్కనే ఉన్నాను కాబట్టి నేను చూశాను. దణ్ణం పెడుతూనే, పాల చుక్క వేసుకునే ఆ బొటనవేలి గోరుతో ఒక పొలుసును గీకి చూసింది, రంగైతే ఊడుతుందేమోనని. పిన్ని నొప్పికి కాలు వెనక్కి తీసుకుంది. మామ్మ లేచి గోరు వాసన చూసుకుని డప్పుల వెనక నడిచింది.

బండి కట్టించే మాట మామ్మ మళ్ళీ ఎత్తలేదు. అమ్మవారు దిగిన కోడల్ని పంపేస్తే వీధి ఊరుకోదు. అలా పిన్ని కాపురం నిలిచింది గానీ, ఆవిడ మామూలు మనిషిగా ఉండే వీలు లేకుండా పోయింది. ప్రతి ఏడూ ఘటం ఆవిడే ఎత్తాలి. బజారుకు వెళ్తే ఎవరో ఒకరు కాళ్ళ మీద పడేవారు. తోటి ఆడవాళ్ళు ఆవిడ దగ్గర సరసాలాడేవారు కాదు, గొడవా పడేవారు కాదు. చాలా ఏళ్ళ తర్వాత విశాఖపట్నంలో ఒక చర్మం డాక్టరు చూసి, ఇది పుట్టుకతో వచ్చే పొడిచర్మం, ప్రమాదం లేదు, నయం కాదు గానీ అణిగి ఉంటుందని ఒక ట్యూబు రాసిచ్చాడు. దానితో కాళ్ళు నున్నబడ్డాయి. మా వీధి చాలా నొచ్చుకుంది. అమ్మోరు కోపమొచ్చి వెళ్ళిపోయిందని పైడమ్మ పోయేదాకా అంటూనే ఉంది.

ఇప్పుడెవరూ ఘటం దాకా ఆగరు. పెళ్ళి చూపులకు ముందే పిల్ల ఫొటోలన్నీ ఫోన్లో వెతికి, వేళ్ళతో సాగదీసి, మోచేతి మీద మచ్చ దాకా చూస్తారు. మామ్మకు ఆ ఫోనుంటే లోకంలో ఒక్క పెళ్ళి కూడా నిలబడేది కాదు. హాసిని మోకాళ్ళు కనబడే నిక్కర్లు వేసుకుని తిరుగుతుంది, కాళ్ళకి ఏదో క్రీము అందరి ముందే రాసుకుంటుంది. కాలం బాగుపడిందని మా అమ్మాయి అంటుంది. నాకు పూర్తిగా నమ్మకం లేదు. కాళ్ళు చూపించుకోగలుగుతున్నారు, సరే. ఎదుటివాడి మనసు చూసుకునే వీలు ఏమైనా పెరిగిందా?

ఆ మధ్యాహ్నం హాసిని సినిమా అయిపోయింది. అందులో కూడా చివర కుర్రాడు సముద్రంలోకి దూకాడు. పిన్ని ఆసాంతం చూసింది. హాసిని లోపలికి వెళ్ళాక నేను, ఏదో ఒక మంచి మాట అనాలని, పోయిన మనిషిని తలుచుకున్నట్టు కూడా ఉంటుందని, "ఆ పండగ రోజు చిన్నాన్న ఊళ్ళో ఉండుంటే నీకు అంత అవస్థ పట్టనిచ్చేవాడు కాదు కదా పిన్నీ" అన్నాను.

"ఉన్నాడు కదమ్మా" అంది.

"గోవాడ వెళ్ళాడు కదా, బండితో?"

"బండి ఎల్లింది. పాలేరు తోలుకెల్లేడు. మీ సిన్నాన్న పశువుల శాలలో ఉన్నాడు. ఘటం ఎత్తుకుని గుమ్మం దిగినప్పుడు నాను సూసేను. తలుపు సందులోంచి నా కాళ్ళకేసే సూత్తన్నాడు."

"నీ కాళ్ళ సంగతి చిన్నాన్నకి తెలీదా?"

"తెలకేటి? పెళ్ళైన కొత్తలోనే సెప్పేసేను. పరవాలేదన్నాడు. ఆడే నూని తెచ్చిచ్చీవోడు." కుచ్చిళ్ళు మళ్ళీ పాదాల మీదికి లాక్కుంది. "సిలిమా సూసొచ్చినకాణ్ణించీ మారిపోనాడు. ఓపాలి అడిగేడు కూడాను, నువ్వు మనిసివే కదే అని. ఏళాకోళం అనుకుని నాను నవ్వేను. ఆడు నవ్వలేదు. మీ మామ్మ నన్ను ఘటం ఎత్తమంతే వొద్దని ఒక్క మాట అనుంటే సరిపోను. అన్లేదు. ఆడికీ సూడాలనుంది."

ఇంటిల్లిపాదినీ, పాలవాణ్ణీ, ఆటోవాణ్ణీ, చేతిలో ఉన్న ఫోన్నీ అనుమానించిన నేను ఇన్నేళ్ళలో ఒక్క చిన్నాన్నను అనుమానించలేదు. చచ్చిపోయిన మనిషి మీద నాకు ఒళ్ళు మండేంత కోపం వచ్చింది. పిన్ని చేతులు పట్టుకున్నాను. ఏడుపు ఆపుకోలేకపోయాను.

"అది తెలిసి కూడా అన్నేళ్ళు ఆయనతో ఎలా ఉన్నావు పిన్నీ?"

పిన్ని నన్ను వింతగా చూసింది. నేను ఎందుకు ఏడుస్తున్నానో ఆవిడకు నిజంగానే అర్థం కాలేదు.

"ఉండక ఏటి సేత్తానమ్మా" అంది, "సముద్రంలోకి ఎల్లిపోతానేటి?"